గుర్రానికి కడుపునొప్పి: ఆవు వైద్యం అలవాట్లు ఇక్కడ పనికిరావు

గూడూరు చుట్టుపక్కల మన ఓపీకి వచ్చేవి గేదెలు, ఆవులు, గొర్రెలు. ఎప్పుడో ఒక గుర్రం వస్తుంది, అదీ పెళ్లి ఊరేగింపులకు తిప్పేదే. "పొద్దున్నుంచి లద్దె వెయ్యలేదు సార్. రాత్రికి బుకింగ్ ఉంది, ఇంజక్షన్ వేసి పంపండి" అంటాడు యజమాని. ఆ తొందర మీకూ అంటుకుంటే కేసు చెడుతుంది.

ముతక వరిగడ్డి, ఎండాకాలంలో చాలని నీళ్లు, అరిగిన పళ్లు, కదలకుండా కట్టేసి ఉంచడం... ఇవి వింటే మొదట అనుమానించాల్సింది ఇంపాక్షన్ కోలిక్. పెద్దపేగు వంపు తిరిగి సన్నబడే పెల్విక్ ఫ్లెక్షర్ దగ్గర మేత గట్టిపడి ఆగిపోతుంది. నొప్పి మెల్లగా మొదలవుతుంది. గుర్రం కాలితో నేల గీరుతుంది, డొక్క వైపు చూస్తుంది, పడుకుని లేస్తుంది. గుండె మామూలుగా నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది; ఇంపాక్షన్‌లో కాస్త పెరిగినా సాధారణంగా 60 దాటదు. ఏ మందైనా వేయకముందే లెక్కపెట్టండి. పేగు బిగువు సడలడానికి ఇచ్చే హయోసిన్ వేశాక గుండె వేగం కొంతసేపు దానంతటదే పెరుగుతుంది, ఆ లెక్కను నమ్మలేం.

రెక్టల్ పరీక్షలో ముద్దలా గట్టిగా, వేలితో నొక్కితే సొట్ట పడేలా తగిలితే రోగం తేలినట్టే. కానీ ఆవులో పెట్టినంత ధీమాగా చెయ్యి పెట్టకండి. గుర్రం పురీషనాళం సులభంగా చిరుగుతుంది, చిరిగితే ప్రాణం మీదికొస్తుంది. చిన్న తట్టు గుర్రంలో చెయ్యి పట్టకపోతే మానేయండి. గ్లవ్‌కు రక్తం అంటితే దాచకుండా యజమానికి చెప్పి వెంటనే రిఫర్ చేయండి. మత్తుకిచ్చే జైలజిన్‌కూ ఆవు డోసు చాలదు. ఆవుతో పోలిస్తే గుర్రానికి దాదాపు పది రెట్లు కావాలి. మత్తులో ఉన్నా తన్నుతుంది, వెనక నిలబడకండి.

సీసాతో నూనె పట్టించడం అన్నిటికన్నా ప్రమాదం, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కు ద్వారా ట్యూబ్ వేయండి. గుర్రం వాంతి చేసుకోలేదు కాబట్టి ముందు పొట్టలోంచి ద్రవం వెనక్కి (రిఫ్లక్స్) వస్తుందేమో చూడండి. లీటర్లకొద్దీ వస్తుంటే లోపలికి చుక్క కూడా పోయొద్దు.

డోసుకు బరువు కళ్లతో అంచనా వేయకండి. ఛాతీ చుట్టుకొలత 150 సెం.మీ., పొడవు 140 సెం.మీ. ఉందనుకోండి: చుట్టుకొలత వర్గాన్ని పొడవుతో గుణించి 11,880తో భాగిస్తే సుమారు 265 కిలోలు. ఫ్లూనిక్సిన్ కిలోకు 1.1 మి.గ్రా. చొప్పున, మి.లీ.కు 50 మి.గ్రా. ఉన్న మందైతే 5.8 మి.లీ. సిరలోకి ఇస్తే చాలు.

అసలు మందు మాత్రం నీళ్లే. మేత ఆపి, గోరువెచ్చని ఎలక్ట్రోలైట్ నీళ్లు విడతకు నాలుగు లీటర్ల చొప్పున రెండు గంటలకోసారి ట్యూబ్‌లో పోయండి, ప్రతిసారీ రిఫ్లక్స్ చూశాకే. లిక్విడ్ పారఫిన్ గడ్డ పక్కనుంచి జారి బయటకు రావచ్చు. నూనె కనబడిందని కేసు ముగించకండి.

ఫ్లూనిక్సిన్ నొప్పిని కప్పేస్తుంది. మందిచ్చినా నొప్పి తిరగబెట్టినా, గుండె వేగం 60 దాటినా, చిగుళ్లు ముదురెరుపైనా పేగు మెలికపడిందేమోనని అనుమానించాలి. తెల్లారేదాకా ఆగకుండా తిరుపతి వెటర్నరీ కాలేజీకో, చెన్నై వేపేరిలోని మద్రాసు వెటర్నరీ కాలేజీకో ఫోన్ చేసి, గుర్రానికి సర్జరీ చేసే వీలుందో లేదో కనుక్కున్నాకే బండి ఎక్కించండి. బుకింగ్ పోతుందని యజమాని గొడవపడతాడు, పడనివ్వండి. గుండె వేగం, ఇచ్చిన మందులు, ఇచ్చిన టైము చీటీ మీద రాసి అతని చేతికివ్వండి.