గంట మోగని గొంతులు – జపాన్, కొరియా గాయనీమణులు



దసరా సెలవుల తర్వాత మేము హాస్టల్ చూసిపోదామని వచ్చినప్పుడు ఎనిమిదో తరగతి చెల్లెళ్ళు నలుగురు మెట్ల మీద కూర్చుని ఒక కొరియా పాట పాడుకుంటున్నారు. ఒక్క మాటకూ అర్థం తెలియదట. అయినా మొదటి నుంచి చివరి దాకా నోటికి వచ్చు! “అక్కా, వాళ్ళకు అంత గొంతు ఎక్కడి నుంచి వస్తుంది?” అని ఒక చెల్లి అడిగింది. ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు, ఇప్పుడు చదివేది చరిత్రలో ఎం.ఏ. సంగీతం మా సబ్జెక్టు కాదు. దొరికినంత చదివి, విని ఈ వ్యాసం రాస్తున్నాం.

ఇంకో కారణం కూడా ఉంది. మేము తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక పాటల పోటీకి వెళ్ళాం. మా బ్యాచ్ నుంచి వెళ్ళిన ముగ్గురిలో ఒకామెది బొంగురు గొంతు. న్యాయనిర్ణేతల్లో ఒకరు “ఈ అమ్మాయిది మగగొంతు, వెనక నిలబడమనండి” అన్నారు. ఆమె వెనక్కి వెళ్ళింది. ఆ తర్వాత రోజూ ప్రార్థనలో పెదవులు కదిపేదే గాని పాడేది కాదు. టీచర్లకు ఆ సంగతి తెలియదు, పక్కన నిలబడ్డ మాకు తెలుసు.

ఇప్పుడు జపాన్‌కు వెళదాం. 1946లో అక్కడి రేడియో సంస్థ ఎన్.హెచ్.కె. మామూలు జనం పాడే పోటీ ఒకటి మొదలుపెట్టింది. బాగా పాడితే గంట మోగిస్తారు. యొకొహామా పట్టణంలో చేపల దుకాణం నడిపే ఒకాయన కూతురు, తొమ్మిదేళ్ళ పిల్ల, ఆ పోటీలో పాడింది. గంట మోగలేదు. పాడటం బాగానే ఉంది గాని పసిపిల్ల పాడినట్టు లేదన్నారట. పెద్దవాళ్ళ పాటను పెద్దవాళ్ళ గొంతుతో పాడటమే ఆమె చేసిన తప్పు. ఆమె అసలు పేరు కజుయె కటో. లోకానికి తెలిసిన పేరు మిసొర హిబారి. హిబారి అంటే భరతపక్షి.

మూడేళ్ళు తిరగకుండానే, 1949లో, పన్నెండేళ్ళ వయసులో ఆమె పాట దేశమంతా మారుమోగింది. యుద్ధంలో ఓడి, ఊళ్ళు కాలిపోయి, తిండికి కటకటలాడుతున్న జపాన్ అది. అలాంటి రోజుల్లో ఒక చేపలమ్మే ఇంటి పిల్ల గొంతు జనానికి తమ గొంతులా వినిపించింది. నూటయాభైకి పైగా సినిమాల్లో నటించింది. 1957లో ఒక అభిమాని ఆమె ముఖం మీద ఆసిడ్ పోసినా కోలుకుని మళ్ళీ వేదిక ఎక్కింది.

హిబారి గొంతులో గమనించవలసింది రెండు విషయాలు. ఛాతీ నుంచి వచ్చే నిండు గొంతుతో పాడుతూ పాడుతూ, అతుకు కనిపించకుండా సన్నని పైగొంతుకు జారిపోతుంది. రెండవది ‘కొబుషి’. స్వరాన్ని నిలకడగా ఉంచకుండా చిన్నగా తిప్పడం, వణికించడం. మన గమకానికి దగ్గరి చుట్టమని చెప్పవచ్చు. జపాన్‌లో ‘ఎంక’ అనే పాటలకు ఇదే ప్రాణం.

1987లో ఎముకల జబ్బు, కాలేయ జబ్బు కలిసి ఆమెను ఆసుపత్రిలో పడేశాయి. 1988 ఏప్రిల్ 11న టోక్యో డోమ్‌లో సుమారు యాభై వేల మంది ముందు దాదాపు నలభై పాటలు పాడింది. నడవడమే కష్టంగా ఉన్న మనిషి, చివరి పాట తర్వాత ఆ పొడుగాటి వేదిక మీద నడిచి వెళ్ళింది. మేము ఆ వీడియోలో పాటల కంటే ఆ నడకనే ఎక్కువసార్లు చూశాం. 1989 జూన్ 24న, 52 ఏళ్ళకే కన్నుమూసింది. ఆ దేశ ప్రభుత్వం ఇచ్చే ప్రజా గౌరవ పురస్కారాన్ని అందుకున్న మొదటి మహిళ ఆమే, అదీ చనిపోయాక.

ఎంక గురించి చెప్పినప్పుడు కైకో ఫుజిని వదిలేయడం న్యాయం కాదు. ఊరూరా తిరిగి కథలు పాడే దంపతుల బిడ్డ. తల్లికి చూపు లేదు. 1969లో మొదటి పాట వచ్చింది, మరుసటి ఏడాదికల్లా దేశమంతా పేరు. బరువైన, కొంచెం గరుకైన గొంతు. 1999లో ‘ఫస్ట్ లవ్’ ఆల్బమ్‌తో జపాన్ అమ్మకాల రికార్డులన్నీ బద్దలుకొట్టిన ఉతాద హికారు ఈమె సంతానమే.

ఇక కొరియా. 1910 నుంచి 1945 దాకా కొరియాను జపాన్ ఏలింది. ఆ ముప్పై అయిదేళ్ళలో రెండు దేశాల పాటలూ కలగలిసిపోయాయి. కొరియాలో ‘ట్రాట్’ అనే పాటల బాణీ, జపాన్ ఎంక తోబుట్టువుల్లా ఉంటాయి. ఈ పోలికే లీ మి-జా అనే గాయని మెడకు చుట్టుకుంది. 1964లో నిండు గర్భిణిగా ఉండి ఆమె పాడిన ‘కామెల్లియా లేడీ’ పాట (కొరియా భాషలో ‘తొంగ్‌బేక్ అగష్షి’) ఇంటింటా మోగింది. 1965లో ఆ పాటలో జపాన్ వాసన ఉందంటూ ప్రసారం కాకుండా నిషేధించారు. విచిత్రమేమిటంటే సరిగ్గా అదే ఏడాది ఆ ప్రభుత్వమే జపాన్‌తో సంబంధాలు పునరుద్ధరించుకునే ఒప్పందం మీద సంతకం పెట్టింది! పాలకులు చేతులు కలిపితే దౌత్యం, ఒక ఆడమనిషి పాడితే ద్రోహం. 1987లో గాని నిషేధం పోలేదు. ఆ ఇరవై రెండేళ్ళూ జనం ఆ పాటను ఇళ్ళల్లో, పొలాల్లో పాడుకుంటూనే ఉన్నారు. లీ మి-జా 2025 ఏప్రిల్లో కూడా సియోల్‌లో వేదికెక్కి పాడింది. అప్పటికి ఆమెకు ఎనభై దాటాయి.

యాంగ్ హీ-ఉన్ సంగతీ అలాంటిదే. ఇంటి ఖర్చుల కోసం కాలేజీ చదువుకుంటూ పాడిన అమ్మాయి. 1971లో ఆమె పాడిన ‘మార్నింగ్ డ్యూ’ పాటను 1975లో నిషేధించారు. 1987లో ప్రజాస్వామ్యం కోసం వీధుల్లోకి వచ్చిన విద్యార్థులు పాడుకున్న పాట అదే. వణుకు, గమకం ఏమీ లేని తిన్నని గొంతు ఆమెది. బలమంటే ఎత్తుకు వెళ్ళడం ఒక్కటే కాదని ఆమెను వింటే తెలుస్తుంది.

మాకు అందరికంటే దగ్గరగా అనిపించినవాళ్ళు కిమ్ సిస్టర్స్. తల్లి లీ నాన్-యంగ్ 1935లోనే పేరున్న గాయని. 1950లో కొరియా యుద్ధం వచ్చి తండ్రిని ఉత్తర కొరియా వాళ్ళు పట్టుకుపోయారు. పిల్లలకు తిండి లేదు. తల్లి తన ఇద్దరు కూతుళ్ళకూ, అన్న కూతురికీ అమెరికా పాటలు నేర్పి సైనిక శిబిరాల్లో పాడించింది. సైనికులు ఇచ్చిన విస్కీ సీసాలు అమ్మి బియ్యం తెచ్చుకునేవారు. ఆ పాటల్లో ఒక్క ఇంగ్లీషు ముక్కకూ అర్థం తెలియదు, శబ్దాన్ని బట్టి కంఠస్థం చేశారు. (డిగ్రీ మొదటి ఏడాది ఇంగ్లీషు మీడియం నోట్సు మేమూ అలాగే బట్టీ పట్టాం. అందుకే మెట్ల మీద పాడుతున్న మిమ్మల్ని చూసి నవ్వలేదు.) 1959లో లాస్ వేగాస్ వెళ్ళారు. అమెరికా టీవీలో పేరుమోసిన ఎడ్ సల్లివన్ షోలో ఇరవైసార్లకు పైగా కనిపించారు, పదికి పైగా వాయిద్యాలు నేర్చారు.

వాళ్ళ తర్వాత దారి కొంత సులువైంది. 2000లో పదమూడేళ్ళకు కొరియాలో పాడటం మొదలుపెట్టిన బోవా జపాన్ భాష నేర్చుకుంది. 2002లో అక్కడి ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానం పొందిన తొలి కొరియా కళాకారిణి అయింది. అటు కొరియాలో మాత్రం జపాన్ భాషా పాటల సీడీలు అమ్మడానికి 2004 జనవరి దాకా ఆగవలసి వచ్చింది. ఐయూ, మిసియా వంటివారి ఎత్తు స్వరాల గురించి మీకే బాగా తెలుసు కాబట్టి వదిలేస్తున్నాం. మిసియా 2021లో టోక్యో ఒలింపిక్స్ ప్రారంభంలో ఆ దేశ జాతీయగీతం పాడింది, అది తప్పక వినండి.

ఇంత గొంతు ఎలా వస్తుందన్న ప్రశ్న మిగిలింది. కొరియాలో ‘పన్సోరి’ అనే కథాగానం ఉంది. ఒకరు పాడతారు, ఒకరు డోలు వాయిస్తారు. మన బుర్రకథలాగే గంటల తరబడి సాగుతుంది. పాడేవాళ్ళు జలపాతం పక్కన నిలబడి, నీళ్ళ హోరును మించి తమ గొంతు తమకు వినిపించేదాకా సాధన చేసేవారు. గొంతు బొంగురుపోతే పాడైనట్టు కాదు, పండినట్టు లెక్క. కొరియా జనానికి గరుకు గొంతు మీద ఉన్న ఇష్టంలో దీని పాలు ఎంతో ఉందని మా అభిప్రాయం.

ఇప్పటి గాయనుల్లో జపాన్ అమ్మాయి అడో ఉంది. ఇంట్లో బట్టల అలమరాలో కూర్చుని రికార్డు చేసుకునేది. 2020 అక్టోబరులో, పద్దెనిమిదో పుట్టినరోజుకు ముందు రోజు విడుదలైన ‘ఉస్సేవా’ పాటలో అరుపు, గర్జన, సన్నని కూత అన్నీ ఉన్నాయి. ఆడపిల్ల అలా అరవకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదో, చెప్పినా వినలేదో! 2024 ఏప్రిల్లో టోక్యో జాతీయ స్టేడియంలో ఒంటరిగా కచేరీ చేసిన తొలి గాయని అయింది. వేల మంది ముందు పాడినా ముఖం చూపించలేదు. అడో అన్నది పాత హాస్యనాటకాల్లో ప్రధాన పాత్ర పక్కనుండే పాత్రకు పేరు. వెనక నిలబడే పేరును తానే ఏరి పెట్టుకుంది. మా బొంగురు గొంతు స్నేహితురాలికి మొన్న ఫోన్‌లో ఈ సంగతి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “ఆ పాట పంపవే” అంది.

చివరిగా ఒక అభ్యాసం. ఎంక, ట్రాట్ పాటల్లో చాలావరకు అయిదు స్వరాలే ఉంటాయి. మధ్యమం, నిషాదం తీసేస్తారు. సంతోషపు పాటలకు వాడే వరుస స ప క్షంగా మన మోహన రాగమే. విషాదపు పాటలకు వాడేది శివరంజనికి దగ్గరగా ఉండి, ధైవతం ఒక మెట్టు కిందికి దిగుతుంది. మన హాస్టల్ స్టోర్ రూములో పాత హార్మోనియం ఉంది. మేడమ్ గారిని అడిగి తీయించండి. తెల్ల మెట్లలో రెండు మా కాలానికే పలికేవి కావు, వాటితో పని లేదు. మూడు నల్ల మెట్లు పక్కపక్కన ఉన్నచోట మొదటిదాన్ని షడ్జమం అనుకుని, నల్ల మెట్లే వరసగా నొక్కుతూ పోండి.