తప్పు కోడలిదేనా?

పెండ్లిమర్రి మండలంలో ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇంటి కోడలు పరాయి పిల్ల కాదు. మేనమామనే చేసుకుంది. అత్తే ఆమెకు అమ్మమ్మ. చిన్నప్పటి నుంచి "అవ్వా" అనే పిలుస్తుంది.

తొలి కాన్పులో మగబిడ్డ పుట్టాడు. పాలు సరిగా తాగలేదు. ఒళ్లు వేలాడేసేవాడు. ఆయాసపడేవాడు. పొలతల మల్లన్నకు మొక్కుకున్నారు. కడప పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. నెల తిరక్కుండానే బిడ్డ పోయాడు.

"మా వంశంలో ఇట్లాంటిది లేదు. నీ కడుపులోనే ఏదో దోషముంది" అనింది అవ్వ. కోడలు నోరెత్తలేదు.

ఒకరోజు నర్సమ్మ ఆ ఇంటికి వచ్చింది. అవ్వ మాట ఆమె చెవిన పడింది. అరుగు మీద కూర్చుని ఇట్లా చెప్పింది.

మన ఒళ్లంతా కణాలతో కట్టి ఉంది. కణం కంటికి కనపడదు. కణంలో చిన్న చిన్న పొయ్యిలు ఉంటాయి. వాటిని మైటోకాండ్రియా అంటారు. మనం తినే సంగటి, పీల్చే గాలి చివరకు ఈ పొయ్యిలకే చేరతాయి. అక్కడ శక్తి తయారవుతుంది. ఆ శక్తిని మోసే సరుకు పేరు ఏ.టి.పి. 1929లో దాన్ని కనుగొన్న వారిలో మన తెలుగువాడు ఉన్నాడు. ఆయన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

పొయ్యి మండాలంటే దాని ముక్కలు కొన్ని పొయ్యిలోనే తయారు కావాలి. వాటిని చేసే మేస్త్రీ పేరు రైబోజోము. ఈ మేస్త్రీలో సుమారు 80 రకాల ప్రోటీన్లు ఉంటాయి. ఒక్కో ప్రోటీనును ఎట్లా చేయాలో కణంలో రాసి ఉంటుంది. ఆ రాతే జన్యువు. ఇది నుదుటి రాత కాదు, చదవగలిగే రాత.

"పాలు" అని రాయబోయి "పాము" అని రాస్తే ఏమవుతుంది? ఒక్క అక్షరమే మారింది. అర్థం ఎక్కడికో పోయింది. జన్యువులోనూ అంతే.

అలాంటి జన్యువుల్లో ఒకదాని పేరు ఎం.ఆర్.పి.ఎస్.16. దాని రాత తప్పితే పసిబిడ్డ ప్రాణం మీదికి వస్తుందని 2004లో వైద్యులు తెలిపారు. తర్వాత మరికొన్నింటిలోనూ తప్పులు బయటపడ్డాయి. గుండెకు, మెదడుకు, కండలకు శక్తి ఎక్కువ కావాలి. అందుకే అవి ముందు దెబ్బతింటాయి. ఇవి అరుదైన జబ్బులు. బిడ్డ పాలు తాగకపోతే వేరే కారణాలూ ఉండొచ్చు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

"అయితే రాత తప్పింది తల్లిలోనే కదా?" అనింది అవ్వ.

"కాదవ్వా. ఈ రాత ప్రతి మనిషిలో రెండు ప్రతులు ఉంటుంది. ఒకటి అమ్మ ఇచ్చింది. ఒకటి నాయన ఇచ్చింది. ఒకటి తప్పినా రెండోది పని నడుపుతుంది. ఆ మనిషికి ఏ జబ్బూ రాదు. రెండూ తప్పితేనే చిక్కు. ఆ రెండింటిలో ఒకటి నీ కొడుకు ఇచ్చిందే."

పొయ్యిలో కూడా ఒక చిన్న రాత ఉంది. అందులో 37 జన్యువులు. అది తల్లి నుంచే వస్తుంది. కానీ మేస్త్రీ ప్రోటీన్ల రాత అందులో లేదు.

"ఇద్దరిలో ఒకే తప్పు ఎట్లా వస్తుంది?"

"నీ దగ్గరి నుంచో, తాత దగ్గరి నుంచో నీ కొడుక్కు వచ్చి ఉంటుంది. అదే నీ కూతురికీ వచ్చి ఉంటుంది. కూతురి నుంచి ఈ పిల్లకు వచ్చింది. ఒకే ఇంటి తప్పు రెండు దారుల్లో నడిచి బిడ్డలో కలిసింది."

అవ్వ తల దించుకుంది.

"నీ తప్పూ కాదులే అవ్వా. ఎవరూ కావాలని రాసుకోరు."

మేనరికంలో పుట్టిన బిడ్డలు చాలామంది బాగానే ఉంటారు. పరాయి సంబంధంలోనూ ఈ జబ్బు రావచ్చు. కానీ దగ్గరి చుట్టరికంలో ఒకే తప్పు ఇద్దరిలో ఉండే అవకాశం ఎక్కువ. అట్లా ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక పాలు ప్రమాదం. ఒక బిడ్డకు వచ్చింది కదా, రెండో బిడ్డకు రాదులే అనుకోకూడదు.

ఈ జబ్బుల్లో చాలావాటికి నయం చేసే మందు లేదు. అయితే ముందుగా తెలుసుకునే దారి ఉంది. హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రిలో జన్యు వైద్య విభాగం ఉంది. అక్కడ భార్యాభర్తల రక్తం పరీక్షిస్తారు. తప్పు దొరికితే, తర్వాతి కాన్పుకు మూడో నెలలోనే కడుపులో బిడ్డను పరీక్షించవచ్చు.

"డాక్టరు మూడు తరాల లెక్క అడుగుతాడు. ఎవరు ఎవరిని చేసుకున్నారు? ఏ బిడ్డ ఎప్పుడు పోయింది? అన్నీ రాసుకుని పోండి" అని చెప్పి నర్సమ్మ లేచింది.

ఆ రాత్రి కోడలు నోటుపుస్తకం తెరిచింది. అవ్వ పేర్లు చెప్పింది. కోడలు కూడబలుక్కుని రాసింది. నడుమ అవ్వ ఆగింది.

"నాకూ ఒక ఆడబిడ్డ పురిట్లోనే పోయింది. పేరు కూడా పెట్టలేదు. దాన్నీ రాయి" అనింది.