భుజం మీద అడవిదున్న



ఏర్పేడు స్టేషన్లో యూనిఫాంలో ఉన్న జవాను కనిపిస్తే పిల్లల చూపు ముందుగా చొక్కా చేతి మీదున్న గుడ్డ బొమ్మ మీదకు పోతుంది. "అదేంటి నాన్నా?" అంటే "ఏదో బ్యాడ్జీ లేరా" అనేస్తాం. ఈసారి అడిగితే చెప్పడానికి కొంత సంగతి ఇది.

సైనికుడు ఏ డివిజన్లో పనిచేస్తున్నాడో చెప్పే గుర్తు అది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ సైన్యంలో ఈ పద్ధతి బలపడింది. లారీ మీద "54" అని రాసి ఉంటే, ఏ డివిజన్ వచ్చిందో శత్రువుకు మనమే చెప్పినట్టు. అదే బొమ్మయితే మనవాళ్లకే అర్థమవుతుంది. మరి కొన్నాళ్లకు శత్రువు బొమ్మనూ పసిగట్టడా? పసిగడతాడు. అందుకే యుద్ధంలో కొన్నిసార్లు ఆ గుర్తులనూ తీసేయించేవారు.

రెండో ప్రపంచ యుద్ధంలో మన 4వ డివిజన్‌ది ఎర్ర గద్ద, 25వ దానిది ఇస్పేటు ఆసు. బర్మాలో పోరాడిన 17వ డివిజన్‌ది నల్లపిల్లి! పిల్లి ఎదురొస్తే కాసేపు ఆగి బయల్దేరే మనకు ఇది వింతే.

మనకు దగ్గరిది సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న 54వ పదాతి డివిజన్. దాని గుర్తు బైసన్, అంటే పాపికొండల్లో తిరిగే అడవిదున్న. 1971 డిసెంబరులో షకర్‌గఢ్ ప్రాంతంలో, మందుపాతరలు దాటుకుంటూ బసంతర్ నది దగ్గర పోరాడింది ఈ డివిజనే. ఆ ఒక్క యుద్ధంలో ఇద్దరికి పరమవీర చక్ర వచ్చింది. మేజర్ హోషియార్ సింగ్ ప్రాణాలతో అందుకున్నారు. ట్యాంకు వదలని అరుణ్ ఖేతర్‌పాల్‌కు మరణానంతరం ఇచ్చారు. ఆయన వయసు 21 ఏళ్లు.

పిల్లలు రెజిమెంటునూ డివిజన్‌నూ కలిపేస్తుంటారు. రెజిమెంటు ఇంటిపేరు లాంటిది, మారదు. డివిజన్ ఇప్పుడు కాపురమున్న ఊరు లాంటిది. బదిలీ అయితే చేతి మీద బొమ్మ మారుతుంది.

ఒక జాగ్రత్త. ఇలాంటి బ్యాడ్జీలు ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి. సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో వాటిని పెట్టుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద 3 నెలల వరకు జైలు, లేదా రూ. 2,000 వరకు జరిమానా, లేదా రెండూ. ఫ్యాన్సీ డ్రెస్ వేషానికి భయపడక్కర్లేదు, అందులో మోసగించే ఉద్దేశం లేదు. కాలేజీకెళ్లే అన్నయ్యలకు మాత్రం ఈ మాట చెప్పి ఉంచండి.

ఈ ఆదివారం మీ పిల్లల చేత మీ ఇంటికో గుర్తు గీయించండి. పేరు, అక్షరం, అంకె ఏదీ ఉండకూడదు. బంధువులు చూడగానే మీ ఇల్లని పట్టేయాలి, కొత్తవాళ్లకు అర్థం కాకూడదు.