జాజు సరుకు: రంగు వేరు, తరుగు వేరు

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల చల్క నేలల ఎరుపు ఇనుము వలన వచ్చినదని వర్తకులందరికీ తెలిసినదే. అయితే ఆ ఇనుము పుట్టినప్పటి రూపంలోనే ఉండిపోదు. తేమ, వేడి, కాలాన్ని బట్టి మారుతుంది. జాజు, పసుపు కావి, లాటరైటు సరుకులలో బేరం చేసేవారు ఈ మార్పును గమనించవలసి ఉంటుంది. రంగుకూ, కాల్చినప్పుడు వచ్చే తరుగుకూ కారణం అదే.

ఈ ప్రాంతపు గ్రానైటు, నైసు రాళ్లలోని నల్లని ఖనిజాలు వానకు, గాలికి శిథిలమైనప్పుడు ఇనుము బయటపడుతుంది. గాలి సోకగానే అది చాలావరకు ఫెర్రిహైడ్రైట్ అనే తుప్పు రంగు ముద్దగా ఏర్పడుతుంది. దీని రేణువులు మిల్లీమీటరులో లక్షవ వంతు కంటే చిన్నవి. స్ఫటికం సరిగా కుదరదు, నీటిని పట్టుకొని ఉంటుంది. అందువలన దీనికి నిలకడ లేదు. ఇనుము గల బోరునీరు తొట్టిలో నిలవ ఉంటే అడుగున చేరే గోధుమరంగు మడ్డిలో ఇటువంటి పదార్థమే ఉంటుంది.

ఈ ముద్ద క్రమంగా రెండు స్ఫటిక రూపాలలోకి మారుతుంది. తడి, చల్లదనం, ఆమ్లగుణం ఉన్నచోట కరిగి, తిరిగి పసుపు రంగు గోథైట్‌గా పేరుకొంటుంది. వేడి, పొడి ఎక్కువై, ఆమ్లమూ క్షారమూ అంతగా లేనిచోట రేణువులు దగ్గరచేరి నీరు విడిచి ఎర్రని హెమటైట్ అవుతాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ గల పాలమూరు మెట్టలు ఎర్రబడడానికీ, నీరు నిలిచే పల్లాల్లో మన్ను పసుపు బారడానికీ ముఖ్య కారణం ఇదే. మామూలు వాతావరణంలో నెలలు, సంవత్సరాలు పట్టే ఈ మార్పు, నీరు మరిగే వేడికి దగ్గరలో కొద్ది రోజులలోనే జరుగుతుంది. సిలికా, ఫాస్ఫేటు కలిసి ఉంటే ఆలస్యమవుతుంది.

ఇక వ్యాపార విషయం. కృష్ణకు ఆవల బేతంచర్ల వైపు దొరికే పసుపు కావి వంటి సరుకులో రంగునిచ్చేది గోథైట్. దానిని సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాల్చితే హెమటైట్‌గా మారి ఎర్రబడుతుంది. శుద్ధమైన గోథైట్ 100 క్వింటాళ్లు కాల్చితే చేతికి వచ్చేది సుమారు 90 క్వింటాళ్లే. మిగిలిన 10 క్వింటాళ్లు ఆవిరైపోయే నీరు. ఎండలో ఎంత ఆరబెట్టినా ఈ నీరు పోదు. ఆరేది పైతేమ మాత్రమే. సహజ సరుకులో బంకమన్ను, ఇసుక కూడా ఉంటాయి కాబట్టి అసలు తరుగును నమూనా కాల్చి చూస్తేనే తెలుస్తుంది.

ఎరుపు ఎక్కువైతే ఇనుము ఎక్కువని భావించడం కూడా పొరపాటు. శుద్ధ హెమటైట్‌లో ఇనుము సుమారు 70 శాతం, గోథైట్‌లో 63 శాతం. కానీ సన్నని హెమటైట్ కొద్దిపాటి ఉన్నా మన్నంతటినీ ఎర్రబరుస్తుంది. ఇనుము పాలు ఎక్కువ గల పసుపు సరుకు, ఇసుక ఎక్కువ గల ఎర్ర సరుకు పక్కపక్కనే ఉండవచ్చు.

వాడపల్లి, మేళ్లచెరువు వంటి సిమెంటు కేంద్రాలు గల ప్రాంతంలో లాటరైటు బేరాలకూ ఇది వర్తిస్తుంది. సిమెంటులో ఇనుము పాలు సరిచేయడానికి లాటరైటు కలుపుతారు.

కనుక ఒడంబడికలో మూడు అంశాలు స్పష్టంగా ఉండడం మేలు: ఇనుము శాతం, పైతేమ శాతం, కాల్చినప్పటి తరుగు. ధర పచ్చి సరుకు తూకానికా, కాల్చిన సరుకు తూకానికా అన్నది ముందే తేల్చుకొంటే, సరుకు దిగిన తరువాత అమ్మినవారికీ కొన్నవారికీ తగాదా ఉండదు.