ధమని ఉబ్బు - పొట్ట కోయని చికిత్స



గుండె నుండి శరీర భాగాలకు రక్తాన్ని తీసుకుపోయేవి ధమనులని మనం చదువుకున్నాం. ధమని గోడ ఒకచోట బలహీనపడితే, రక్తపు ఒత్తిడికి అక్కడ బుడగలా ఉబ్బుతుంది. దీనినే ఎన్యూరిజం అంటారు. కాలువ గట్టు నాని మెత్తబడినచోటే గండి పడుతుందని కోనసీమ వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ధమనీ అంతే. ఉబ్బు పగిలితే లోపలే రక్తం పోయి ప్రాణం మీదికి వస్తుంది.

పొట్టలో ఈ ఉబ్బు ఎక్కువగా బృహద్ధమనికి వస్తుంది. ప్లీహానికి వెళ్ళే ధమనికి రావడం అరుదు. ఇది మగవారిలో కంటే ఆడవారిలో ఎక్కువ. చాలామందికి నొప్పి ఉండదు. వేరే కారణంతో తీసిన స్కానింగులో బయటపడుతుంది. గర్భిణికి పగిలితే తల్లికీ బిడ్డకీ ముప్పే. అందుకే పిల్లలు కనే వయసు స్త్రీలలో ఉబ్బు చిన్నదైనా చికిత్స చేయించమంటారు. మిగతావారిలో సాధారణంగా 3 సెంటీమీటర్లు దాటితే చేస్తారు.

పూర్వం పొట్ట కోయడమే మార్గం. 1953లో స్వీడన్ వైద్యుడు సెల్డింజర్, సూది గుండా తీగను, ఆ తీగ మీదుగా సన్నని గొట్టాన్ని రక్తనాళంలోకి పంపే పద్ధతిని ప్రకటించాడు. 1990లో అర్జెంటీనా వైద్యుడు పరోడీ గజ్జలోని ధమని గుండా వెళ్ళి, బృహద్ధమని ఉబ్బుకు లోపలి నుండే స్టెంటు అమర్చాడు.

ఇప్పుడు గజ్జలోగాని మణికట్టులోగాని ఆ భాగానికే మత్తిచ్చి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ గొట్టాన్ని ఉబ్బు దాకా పంపుతారు. కాయిల్స్ అనే సన్నని ప్లాటినం తీగచుట్టలను అక్కడ నింపితే, రక్తం గడ్డకట్టి ఉబ్బు మూసుకుపోతుంది. జీర్ణాశయం వైపు నుండి వచ్చే చిన్న ధమనులు ప్లీహాన్ని సాధారణంగా కాపాడతాయి. లేదా పైపూత ఉన్న స్టెంటు పెట్టి, రక్తాన్ని దాని గుండానే పోనిస్తారు. అయితే ఉబ్బులోకి మళ్ళీ రక్తం చేరవచ్చు కనుక తర్వాత కూడా స్కానింగులు తప్పవు. కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పాలి. కొందరికి ఆపరేషనే మంచిది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఇంగ్లీషు రిపోర్టు వస్తే మీ ఇంట్లోనూ చదవాల్సింది మీరే. అందులో ఎన్యూరిజం అనే మాట కనిపిస్తే "నొప్పి లేదుగా" అని ట్రంకుపెట్టెలో పెట్టేయకండి. ఏ ధమని, ఎన్ని సెంటీమీటర్లు, పెరుగుతున్నదా అని డాక్టరుగారిని అడగండి. ఖర్చు సంగతి, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ పథకం వర్తిస్తుందో లేదో, ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడగండి. ఆకస్మికంగా తీవ్రమైన కడుపునొప్పి వచ్చి, కళ్ళు తిరిగి పడిపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి.

మన చదువు ముందుగా మన అమ్మకు, అక్కకు అక్కరకు రావాలని కోరుకుంటూ సెలవు.