యానాంలో ఒక రాత్రి ఉండు

కాటన్‌పేట,
బెంగళూరు.

అమ్మడూ,

శ్రావణంలో స్నేహితురాలి పెళ్ళికి కాకినాడ వెళ్తున్నావనీ, మర్నాడు యానాం చూసొద్దామనుకుంటున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "ఫ్రాన్స్ ఇప్పట్లో ఎలాగూ కుదరదు, ఆ ఫ్రెంచి ఊరైనా చూస్తాను" అన్నావట. వెళ్ళు, తప్పకుండా వెళ్ళు. కానీ ఆ మాట మనసులో పెట్టుకుని వెళ్ళావంటే మాత్రం గంటలో విసుగొచ్చి తిరిగొచ్చేస్తావు. అందుకే ముందుగా ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

పాండిచ్చేరిలో చూసినట్టు పసుపు గోడల వీధులు యానాంలో కనిపించవు. ఈఫిల్ టవర్‌ను తలపించేలా వంద మీటర్ల ఎత్తున ఒక గోపురం కట్టారు. దాని ముందు ఫోటోలు తీసుకుని వెనక్కి వచ్చేసేవాళ్ళే ఎక్కువ. నువ్వూ తీసుకో, తప్పు లేదు. ఉదయం పూట మాత్రం దానికి ధారపోయకు. నువ్వు చూడాల్సింది రెండు శతాబ్దాలకు పైగా ఫ్రెంచి జెండా కింద బతికిన తెలుగు ఊరిని. విస్తీర్ణం ముప్ఫై చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల్లో జనాభా 55 వేల పైచిలుకు. నాలుగు వైపులా ఆంధ్రదేశమే. పరిపాలన మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరి నుంచి. ఇంట్లో, వీధిలో, గుడిలో, చర్చిలో అంతా తెలుగే.

మన కాటన్‌పేట పుట్టిందే నూలు మీద, బట్ట మీద. ఫ్రెంచివాళ్ళు గోదావరి పాయ అయిన గౌతమీ తీరానికి వచ్చిందీ బట్ట కోసమే. గోదావరి డెల్టాలో నేసిన నూలు బట్టలకు ఐరోపాలో గిరాకీ ఉండేది. 1723లో యానాంలో దిగారు, గిట్టుబాటు కాక వదిలేశారు, 1731లో మళ్ళీ వచ్చారు. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళ కొఠీ. యూరప్‌లో ఆ రెండు దేశాలు పోట్లాడుకున్నప్పుడల్లా ఇక్కడ యానాం చేతులు మారేది. 1816 తర్వాతే ఫ్రెంచివాళ్ళ చేతిలో కుదురుగా నిలిచింది. ఫ్రెంచి సేనాని బుస్సీ పేరు విన్నావు కదా, 1757లో బొబ్బిలి కోట మీద పడ్డవాడు? మన బెంగళూరు కథలోనూ అతనున్నాడు. బెంగళూరును ఏలిన హైదరాలీ పోయాక, 1783లో ఫ్రెంచి సేనతో వచ్చి కడలూరులో టిప్పు పక్షాన నిలిచింది అతనే. గోదావరి ఒడ్డు చరిత్ర మనకు దూరపు చుట్టమేమీ కాదు.

ఇంకో సంగతి. హిందూ మహాసముద్రంలో రీయూనియన్ అనే ఫ్రెంచి దీవి ఉంది. 1828లో ఒప్పంద కూలీలుగా అక్కడికి తొలి విడత వెళ్ళిన భారతీయులు యానాం నుంచి ఓడెక్కిన తెలుగువాళ్ళు. ఒడ్డున నిలబడి నీళ్ళకేసి చూసేటప్పుడు వాళ్ళని ఒక్కసారి తలుచుకో. బట్టల మూటలు వెళ్ళిన దారినే మనుషులూ వెళ్ళారు.

ఆడపిల్లవు గనుక నీకు ముఖ్యంగా చెప్పాల్సింది శారదా చట్టం కాలపు ముచ్చట. 1929లో ఆ చట్టం వచ్చింది, మరుసటి ఏడాది ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. బ్రిటిష్ ఇండియాలో పద్నాలుగేళ్ళు నిండని పిల్లకు పెళ్ళి చేస్తే నేరం. యానాం బ్రిటిష్ ఇండియా కాదు. ఇంకేముంది! చుట్టుపక్కల జిల్లాల నుంచి పురోహితుడితో, మేళంతో, చంకలో పెళ్ళికూతురితో సహా జనం యానాం చేరేవాళ్ళు. ఊరికి కల్యాణపురమని పేరే పడిపోయింది. ఎంత ముద్దుగా ఉందో చూడు పేరు. దాని కింద నలిగినవాళ్ళు పలక పట్టాల్సిన వయసు పిల్లలు. ఫ్రెంచి నేల అంటే ఇంగ్లీషు పోలీసుల నుంచి స్వాతంత్ర్య యోధులకు రక్షణ అని చదువుకున్నావు, పాండిచ్చేరిలో తలదాచుకున్న అరవిందుల కథ తెలుసు నీకు. అదే సరిహద్దు ఇక్కడ పసిపిల్లల మెడలో తాళి కట్టడానికి పనికొచ్చింది. యానాంలో వలస పాలన వైభవం గురించి ఎవరైనా మురిసిపోతూ చెబితే ఇది కూడా అడుగు.

యానాం భారత్‌లో విలీనమైన కథ కూడా వినాలి. ఫరంపేటలో పుట్టిన దడాల రఫేల్ రమణయ్య ఫ్రెంచి పోలీసు శాఖలోనే ఉద్యోగం చేసి, ఆ పాలన మీదే తిరగబడ్డాడు. 1954 జూన్ 13న వాలంటీర్లతో యానాంలోకి నడిచి పరిపాలనను చేజిక్కించుకున్నాడు. పాండిచ్చేరి దగ్గర కీళూరులో ఫ్రెంచి ఇండియా ప్రజాప్రతినిధులు విలీనంపై ఓట్లేసింది ఆ తర్వాత, అక్టోబరు 18న. 178 మందిలో 170 మంది భారత్ వైపు మొగ్గారు. నవంబరు 1న అధికారం భారత్ చేతికొచ్చింది. కాగితాల మీద పని పూర్తయ్యేసరికి 1962 ఆగస్టు 16. అంటే కీళూరు ఓటుకు ముందే యానాం మేలుకుంది. ఊళ్ళో కొందరికి అది విమోచన. ఫ్రెంచివాళ్ళ పక్షాన ఉన్న కుటుంబాల్లో ఇంకోలా చెప్పుకుంటారు. ఇద్దరి మాటా విను, మధ్యలో వాదన పెట్టుకోకు.

ఇక ప్రయాణం. శేషాద్రి ఎక్స్‌ప్రెస్ కాకినాడకు తీసుకెళ్తుంది. ఏ స్టేషన్‌లో ఎక్కాలో టికెట్ మీద చూసుకో, అన్ని రైళ్ళూ మన మెజెస్టిక్ స్టేషన్ నుంచే బయల్దేరే రోజులు పోయాయి. కాకినాడ నుంచి యానాం ముప్ఫై కిలోమీటర్లు, బస్సులున్నాయి. దారిలో కోరంగి వస్తుంది. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు, 1839 నవంబరు తుపాను దాన్ని ఊడ్చేసింది. ఇప్పుడక్కడ మడ అడవులు. తీరిక ఉంటే దిగి చూడు. శ్రావణం కనుక గోదావరికి వరద ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని తెలిస్తే, అంటే నీటిమట్టం 13.75 అడుగులు దాటితే, యానాం మానేసి పెళ్ళి భోజనంతో సరిపెట్టుకుని వచ్చేయ్. 2022 జులైలో యానాం వీధుల్లోకి నీళ్ళు వచ్చేశాయి. నదితో పంతం పనికిరాదు.

రాత్రి అక్కడే ఉండమనడానికి కారణం తెల్లవారగట్ల చేపల బజారు. ఎర్రనీరు తగిలాక సముద్రం నుంచి ఎదురీది వచ్చే పులస ఈ రోజుల్లోనే పడుతుంది. పడిందంటే వేలమే. పాట పాడేదీ ఆడవాళ్ళే, కొనేవాళ్ళలోనూ చాలామంది ఆడవాళ్ళే. ఒకామె చేపను తోక పట్టి లేపి, మొప్ప విప్పి లోపలి ఎరుపు చూపిస్తుంది. చుట్టూ మూగినవాళ్ళ మధ్య ధర వందల్లో మొదలై వేలల్లోకి పాకుతుంది. ఎదుటి మనిషి కనుబొమ్మ కదిలిందా లేదా అన్నది చూసి పాట పెంచే నేర్పు ఏ కాలేజీలోనూ చెప్పరు. నువ్వు కొనకు. బయటి నుంచి తెచ్చిన ఇలసను పులసని అంటగట్టేవాళ్ళున్నారు, తేడా పట్టడం నీ వల్ల కాదు. తినాలనిపిస్తే ఇంట్లో వండేవాళ్ళని వెతుక్కో. బెండకాయలు వేసి, మట్టి దాకలో సన్నని సెగ మీద కాచి, మర్నాటికి ఉంచిన పులుసు అడుగు. వాళ్ళని అడక్కుండా ఫోన్ పెట్టి వీడియో తీయకు. అది వాళ్ళ బతుకుతెరువు, నీకు తమాషా కాకూడదు.

తర్వాత 1846లో కట్టడం ముగిసిన సెయింట్ ఆన్స్ చర్చికి వెళ్ళు, తెలుగు ప్రార్థన వేళ అయితే వెనక బెంచీలో కూర్చుని విను. మీసాల వెంకన్న గుడికీ వెళ్ళు. సాయంత్రం ఎదుర్లంక వైపు బాలయోగి వారధి మీద నడువు. ఆ వారధి లేని రోజుల్లో పెళ్ళిబృందాలూ రోగులూ గౌతమిని పడవల మీదే దాటేవాళ్ళు. మందు చవకని యానాం వచ్చే గుంపులు సాయంత్రాలు కనిపిస్తాయి. అటు పోకు, నీ స్నేహితుల్ని పోనివ్వకు. ఊరికి ఆ పేరు తెచ్చిపెట్టింది బయటివాళ్ళేనన్నది నా అభిప్రాయం.

చివరగా ఒక పని అప్పగిస్తున్నాను. ఫ్రెంచి బళ్ళో చదువుకున్న తరంలో ఇంకా కొందరు మిగిలి ఉంటారు. చాలామంది ఎనభై దాటినవాళ్ళే. ఫరంపేటలోనో కనకాలపేటలోనో వాకిట్లో కూర్చున్న పెద్దావిడ కనిపిస్తే, నమస్కారం పెట్టి, తీరిక ఉందా అని అడిగి, పక్కన కూర్చో. ఒప్పుకుంటే ఆమె మాటలు రాసుకో, ఏ ఊరి పిల్ల, ఎన్నేళ్ళకు పెళ్ళయింది, జెండా మారిన రోజు ఇంట్లో ఏమనుకున్నారు, అన్నీ అడుగు. అవి ఏ పుస్తకంలోనూ దొరకవు. ఇంకో పదేళ్ళాగితే అడగడానికి మనిషీ ఉండదు. ఈ ప్రయాణంలోనే అడుగు, వాయిదా వెయ్యకు.

ఇట్లు,
ఆశీస్సులతో,
తాతయ్య