భుజము మీది బరువు దిగిన తరువాత

చదువవలసిన లేఖన భాగము: సంఖ్యాకాండము 8:23–26
తోడుగా చదువవలసినవి: సంఖ్యాకాండము 18:20–24, 1 సమూయేలు 12:1–25, 2 సమూయేలు 19:31–39, లూకా 2:36–38



మన గ్రామముల నుండి విశాఖపట్టణమునకు పనికి పోయినవారు తరతరములుగా నున్నారు. 1933వ సంవత్సరమున అచ్చటి ఓడరేవు తెరువబడెను. 1941లో ఓడల నిర్మాణశాల ప్రారంభమై, 1948లో "జల ఉష" అను ఓడ అచ్చట నీటిలోనికి దింపబడెను. 1966లో ఉక్కు కర్మాగారము కొరకు ఆంధ్రులు గొప్ప ఆందోళన సలిపిరి; అందులో ప్రాణములు కోల్పోయినవారును గలరు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగెను. 1990లో "గోదావరి" అను మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగింపబడెను. 1992 ఆగస్టు 1న కర్మాగారము జాతికి అంకితమాయెను. ఆ ఫర్నేసు వెలిగిన దినములలో పాతికేండ్ల ప్రాయమున పనిలో చేరిన యువకులు అరువది యేండ్లు నిండి, పూలదండతోను శాలువతోను ఇండ్లకు వచ్చిరి, ఇంకను వచ్చుచున్నారు.

శాలువ కప్పిన దినము సంతోషముగానే గడచును. మొదటి నెల బంధువుల రాకపోకలతో గడచును. రెండవ నెలలో అసలు సంగతి తెలియును. షిఫ్టు వేళకు మెలకువ వచ్చును గాని పోవలసిన చోటు లేదు. నిన్నటి వరకు ఫోర్‌మన్ గారు అని పిలిచినవారు నేడు పలుకరించుట తగ్గింతురు. ఇంటిలో ప్రతి చిన్న పనికిని అడ్డు వచ్చినట్లుండును. "నేను ఇక దేనికి?" అను ప్రశ్న పైకి పలుకకపోయినను లోపల తొలుచుచుండును. ఈ ప్రశ్నకు దేవుని వాక్యములో జవాబు గలదు.

1. బరువు దించినవాడు దేవుడే

ఉద్యోగ విరమణ గూర్చి పరిశుద్ధ గ్రంథములో స్పష్టమైన నియమము ఈ సంఖ్యాకాండ భాగములో నున్నది. లేవీయుడు ఇరువది యైదవ ఏట సేవలో చేరవలెను. ఏబదవ ఏట ఆ పని మానవలెను. ఆ పని యెట్టిది? గుడారమును విప్పుట, మోయుట, మరల నిలుపుట. కహాతీయులైతే పరిశుద్ధ వస్తువులను బండ్ల మీద గాక తమ భుజముల మీదనే మోయవలసియుండెను (సంఖ్యా. 7:9). అరణ్యపు టెండలో అది కఠినమైన పని. భుజము అలసిపోవునని దేవునికి తెలియును. గనుక పని మానుట లేవీయునికి అవమానము కాదు, శిక్షయు కాదు, అది ఆజ్ఞ. రిటైరయిన సహోదరుడు తన్ను ఎవరో త్రోసివేసిరని తలంపరాదు.

మరియొక సంగతి గమనింపుడు. ఇతర గోత్రములకు వలె లేవీయులకు స్వాస్థ్యముగా పొలములు పంచబడలేదు. కర్మాగారము కొరకు భూములు విడిచిన గ్రామములవారికి ఈ మాట బాగుగా తెలియును. వారిలో "ఆర్ కార్డు" గల కొందరికి ఉద్యోగములు దొరకెను. రిటైరయిన దినమున మాత్రము తిరిగి పోవుటకు పూర్వపు పొలము లేదు, ఊరును లేదు. అట్టివారికి సంఘమే ఊరు కావలెను. లేవీయునికి దేవుడు ఏర్పరచిన చోటు పొలములో కాదు, తన సహోదరుల మధ్యనే.

2. పని మానెను గాని కాపుదల మానలేదు

ఇరువది యారవ వచనమును జాగ్రత్తగా చదువుడు. ఏబది యేండ్లు దాటిన లేవీయుడు మోతపని చేయడు. అయితే తన సహోదరులకు తోడుగా నుండి కాపాడవలసినదానిని కాపాడును. ఈ రెంటికి గల తేడా విశాఖ రేవులో కంటికి కనబడును. డాల్ఫిన్ నోస్ కొండ ప్రక్కనుండి లోపలి రేవునకు పోవు కాలువ ఇరుకైనది. పెద్ద ఓడ వచ్చినప్పుడు పైలట్ అను అనుభవజ్ఞుడు నిచ్చెన మీదుగా ఓడ యెక్కును. లోతెక్కడ, మలుపెక్కడ, గాలి యెటు అని అతనికి తెలియును. అతడు త్రోవ చెప్పును. అయితే ఓడ కెప్టెను ఓడయే. పని ముగియగానే పైలట్ దిగిపోవును. ఓడ తనది కాదని అతడు చిన్నబుచ్చుకొనడు. తనది కాదు గదా అని త్రోవ చెప్పుట మానడు.

పెద్దలు ఇట్లుండవలెను. పట్టణములో అధికారము చేసి వచ్చిన కొందరు గ్రామ సంఘములో లెక్కల పుస్తకము, తాళపుచెవి, అధ్యక్షుని కుర్చీ తమకే రావలెనందురు. యువకులు నొచ్చుకొందురు, సంఘము రెండుగా చీలును. ఇది మనము చూడని సంగతి కాదు. సమూయేలును చూడుడు. తల నెరసిన తరువాత ఏలుబడిని రాజునకు అప్పగించి, తన లెక్కను జనులయెదుట ఒప్పజెప్పెను. అయితే వారి కొరకు ప్రార్థించుటయు, మంచి మార్గమును బోధించుటయు మాననని చెప్పెను. కుర్చీ విడిచెను, మోకాళ్లు విడువలేదు.

3. తన కొలత యెరిగినవాడు

బర్జిల్లయి ఎనుబదేండ్లవాడు. రాజు యెరూషలేమునకు రమ్మని పిలిచినప్పుడు, తనకు రుచి తెలియదనియు, పాట వినబడదనియు దాచక చెప్పెను. తనకు బదులు కింహామును పంపెను. తన బలహీనతను ఒప్పుకొనుట, యౌవనస్థుని ముందుకు పంపుట—ఈ రెండును వృద్ధాప్యపు ఘనత.

డబ్బు విషయములోను ఈ తెలివి కావలెను. ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ సొమ్ము చేతికి రాగానే అప్పు అడుగువారును, హామీ సంతకము కోరువారును వచ్చెదరు. సామెతలు 6:1–5 చదివి సంతకము చేయుడు. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకము క్రింద కనీస పింఛను 2014 సెప్టెంబరులో నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయింపబడెను; అంత తక్కువ వచ్చువారికి చేతి సొమ్మే ఆధారము. బిడ్డలకు ఇల్లు వ్రాసి యిచ్చునప్పుడు తమ్మును పోషింపవలెనను షరతు పత్రములో వ్రాయించుకొనుడు. అట్టి షరతు తప్పినచో ఆ పత్రమును రద్దు కోరుటకు 2007 నాటి తలిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టము వీలు కల్పించుచున్నది. ఇది బిడ్డల మీద అనుమానము కాదు, వారిని శోధన నుండి తప్పించుట.

4. దినమును ఎట్లు గడుపవలెను?

విశ్రాంతి మంచిదే. అయితే తినుట, త్రాగుట, సుఖించుట అనువానితోనే దినములు నింపుకొనదలచిన ధనవంతుని ముగింపు లూకా 12:16–21లో నున్నది. బ్లాస్ట్ ఫర్నేసు ఏండ్ల తరబడి రాత్రింబగళ్లు మండిన పిదప దానిని చల్లార్చి, లోపలి ఇటుకలు మార్చి, మరల వెలిగింతురు. ఆ చల్లార్పు వంటిదే మొదటి కొన్ని నెలల విశ్రాంతి. పిమ్మట పని గలదు.

మొదటి పని ఇంటిలో. భార్యకు రిటైరు దినము లేదు. పొయ్యి, నీళ్లు, గిన్నెలు ఆమెను విడువలేదు. భర్త ఇంట కూర్చుండి ఆమె పనిని తనిఖీ చేయుట తగదు. ఒక పూట నీళ్లు తెచ్చినను, కూరగాయలు తరిగినను అది సేవయే.

రెండవ పని ఊరిలో. మన గ్రామముల రోగులు విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి పోయి, ఏ వార్డు ఎక్కడో తెలియక తిరుగుదురు. పట్టణమెరిగిన సహోదరుడు తోడు పోయిన ఎంత మేలు! వెల్డింగు, కరెంటు పని తెలిసినవారు ఇద్దరు కుర్రవాండ్రకు నేర్పవచ్చును. పింఛనుదారులు ఏటేట ఇయ్యవలసిన జీవన ప్రమాణ పత్రమును చదువురానివారికి దగ్గరుండి పూర్తిచేయించవచ్చును.

మూడవది ప్రార్థన. అన్న అను వృద్ధురాలికి ఉద్యోగము లేదు, పింఛను లేదు. దేవాలయము విడువక ప్రార్థించెను గనుక శిశువైన ప్రభువును చూచి, ఆయనను గూర్చి ఇతరులకు చెప్పగలిగెను.

కూలి చేయు సహోదరులకు, చేపల వేటకు పోవు సహోదరులకు రిటైరు దినమే లేదు. ఒళ్లు వంగనప్పుడే పని ఆగును. వారికి శాలువ కప్పువారు లేరు. సంఘము వారి పేరులను జ్ఞాపకముంచుకొని, వారి బరువును తన భుజము మీద కొంత మోయవలెను.

కూటములలో ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మన సంఘములో పని మానిన పెద్దలు ఎందరు? వారికి ఏ చోటు ఇచ్చితిమి?
2. పెద్దలు విడువవలసిన కుర్చీ ఏది? విడువరాని బాధ్యత ఏది?
3. ఈ నెలలో ఏ రోగికి, ఏ విద్యార్థికి తోడు పోగలము?

ప్రార్థన: మా దినములను ఎరిగిన ప్రభువా, నీవు దించిన బరువును మరల ఎత్తుకొనక, నీవు అప్పగించిన కాపుదలను విడువక, మా సహోదరుల మధ్య తుదివరకు నమ్మకముగా నుండునట్లు కృప దయచేయుము. ఆమేన్.